ఆట రానివాళ్ళు

థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంటికెళ్ళే పిల్లల సామాను చూసి ఎవరు తిరిగొస్తారో, ఎవరు రారో నేను చెప్పేయగలను. చిన్న సంచి భుజాన వేసుకుని వెళ్ళేవాళ్ళు వస్తారు. నాలుగు రోజుల పండక్కి పెద్ద సూట్‌కేసు ఈడ్చుకెళ్ళేవాళ్ళు రారు. ఈ విద్య నాకు ఊరికే అబ్బలేదు. నేను మొదటిసారి తోడుగా ఉన్న ఏడాది, నాకు అప్పగించిన ఐదుగురిలో ఒక కుర్రాడు అలాగే పెద్ద సూట్‌కేసుతో రైలెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపి, మళ్ళీ కనపడలేదు. కొన్నాళ్ళు ఫోను ఎత్తాడు. తర్వాత అదీ మానేశాడు.

అందుకని మరుసటేడు సెప్టెంబరులో కొత్త పిల్లలు దిగుతుంటే గట్టిగా అనుకున్నాను, ఈసారి నా ఐదుగురిలో ఒక్కరు కూడా జారిపోకూడదని. అనుకుని ఊరుకుంటే బాగానే ఉండేది. ఇంట్లో అందరి ముందూ అనేశాను కూడా. నా నోరు అలాంటిది.

ఇల్లంటే మా వాళ్ళ ఇల్లు కాదు. మాది వల్లెహో అనే ఊరు. నేను చెప్పే ఇల్లు కాలేజీ చివర, టమాటా పొలాల వైపు ఉండేది. పచ్చరంగు వెలిసిపోయిన చెక్క ఇల్లు. వేలమంది చదివే ఆ కాలేజీలో ఒక తరగతిలో నల్లవాళ్ళం ఇద్దరం కలిస్తే అది పండగే. మాకంటూ ఒక చోటు కావాలని వెనకటి పిల్లలెవరో పోట్లాడి ఆ ఇల్లు సాధించారు. మొదటి ఏడాది పిల్లలకి పై తరగతుల వాళ్ళం తోడుండాలని పద్ధతి పెట్టిందీ వాళ్ళే. ఏ క్లాసు ముందు తీసుకోవాలి, ఏ ప్రొఫెసరు తలుపు కొట్టాలి, జుట్టు ఎవరి దగ్గర అల్లించుకోవాలి, ఇంటి మీద బెంగొస్తే ఎక్కడ కూర్చుని ఏడవాలి, అన్నీ మేమే చూడాలి. కాలేజీవాళ్ళు మా ఉద్యోగానికి ఏదో పొడుగాటి పేరు పెట్టారు. ఇంట్లో మాత్రం అందరూ మమ్మల్ని తోడు అనే పిలిచేవాళ్ళు. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. ఇప్పటికీ అంతే.

ఆ ఐదుగురిలో ఒలుచి ఫ్రెస్నో నుంచి వచ్చింది. అమ్మా నాన్నా నైజీరియా వాళ్ళు, తను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. హాస్టలు ముందు కారు ఆగీ ఆగకముందే వాళ్ళమ్మ దిగి, నీలంరంగు ఐసుపెట్టె ఒకటి నా చేతిలో పెట్టింది. నా నడుం వంగిపోయింది.

"జొలాఫ్ అన్నం. ఇది వచ్చే వారం దాకా వస్తుంది. నువ్వూ తిను, చిక్కిపోయి ఉన్నావు," అంది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. నన్ను పైనుంచి కిందదాకా రోగిని చూసినట్టే చూసింది. "ఇది నా పెద్దకూతురు. ఈ రోజు నుంచి నీ చెల్లెలు. నీకేమీ ఇబ్బంది పెట్టదు. పుట్టినప్పటి నుంచీ నోరు తెరిచి నన్ను ఏదీ అడిగి ఎరగదు."

గర్వంగానే చెప్పింది. ఒలుచి తల వంచుకుని బూట్లు చూసుకుంటోంది. పేచీలు పెట్టే పిల్లలైతేనే నాకు తేలిక తల్లీ, అని నేను మనసులో అనుకున్నాను.

మిగతా నలుగురూ నన్ను జొనెల్ అని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఒలుచి ఒక్కతే అక్కా అనేది. వాళ్ళింట్లో పెద్దవాళ్ళని పేరుతో పిలిస్తే వీపు చిట్లుతుందట. వారం వారం క్యాంటీను ముందు బెంచీ మీద కలిసేవాళ్ళం.

"ఎలా ఉందే కాలేజీ?"

"బాగుంది అక్కా."

"కెమిస్ట్రీ?"

"బాగుంది."

"గదిలో ఆ పిల్ల?"

"బాగుంది."

"క్యాంటీను తిండి?"

ఒక్క క్షణం తటపటాయించింది. "బాగానే ఉంది."

"అబద్ధం! ఆ తిండి బాగుందన్న మనిషిని నేనింతవరకు చూళ్ళేదు."

నవ్వింది. నవ్వి ఊరుకుంది. అంతకుమించి ఒక్క ముక్క రాలలేదు. మిగతావాళ్ళు, ముఖ్యంగా లాస్ ఏంజిలిస్ నుంచి వచ్చిన మొనే, నా బుర్ర తినేసేవాళ్ళు. మొనే తన గోళ్ళ రంగు దగ్గర్నుంచి తనని వదిలేసిన కుర్రాడి దాకా అన్నీ నాకు చెప్పి, సలహా అడిగి, అది తప్ప అన్నీ చేసేది. ఒలుచి ఏమీ అడిగేది కాదు. ఆ పిల్ల సంగతి తేలిగ్గా ఉందని సంబరపడాలో, భయపడాలో తెలిసేది కాదు.

శుక్రవారం సాయంత్రాలు ఇంట్లో ఇస్పేటు ఆట జరిగేది. ఇద్దరిద్దరు జోడీలు, ఎదురెదురు కుర్చీలు, ఇస్పేటే తురుపు. ఎన్ని పట్టులు పడతారో ముందే లెక్క చెప్పాలి, చెప్పినన్ని పట్టాలి. ఈ ఆట మా ఇళ్ళల్లో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. పిల్లలు పెద్దవాళ్ళ కుర్చీల వెనక నిలబడి చూసి చూసి నేర్చుకుంటారు. అందుకే నీకు ఆట వచ్చా అని ఎవరూ ఎవర్నీ అడగరు. అన్నం కలుపుకోవడం వచ్చా అని అడుగుతామా?

కిటికీ వైపు కుర్చీ డీకన్‌ది. నాలుగో ఏడాది వాడు. తండ్రి చర్చిలో ప్రార్థనలు నడిపే డీకన్, వీడికి ఆ గొంతూ వచ్చింది, ఆ పేరూ అతుక్కుంది. ఆ రోజు వాడి జోడీ రాలేదు. నేనూ, ఎప్పుడూ నాతో ఆడే కోరీ అవతలి జోడీ.

"నా ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది, పుణ్యాత్ములెవరైనా ఉన్నారా?" అని గొంతెత్తాడు డీకన్. "మొనే! రామ్మా."

మొనే పది వేళ్ళూ విప్పి చూపించింది. "ఇవి కనపడుతున్నాయా? నీ జిడ్డు ముక్కలు పట్టుకుంటే నా గోళ్ళేం కావాలి?"

సోఫాలో కూర్చున్న మరో ఇద్దరు, ఈసారికి చూస్తాంలే అన్నారు. డీకన్ కళ్ళు ఒలుచి మీద పడ్డాయి. "ఫ్రెస్నో పిల్లా, నువ్వు రా."

ఒలుచి నా వైపు చూసింది. "వెళ్ళవే," అన్నాను. డీకన్ ఎదురు కుర్చీలోకి నా పిల్లని పిలవడం నాకు చిన్న గొప్ప కాదు.

ముక్కలు పంచారు. "ఎన్ని పట్టులు పడతావమ్మా?" అన్నాడు డీకన్.

"నాలుగు," అంది ఒలుచి తొణక్కుండా. ఆ గొంతు నేను ఎక్కడో విన్నదే. బాగుంది అక్కా అనే గొంతు.

కోరీ ఆఠీను వేశాడు. ఒలుచి దాన్ని ఇస్పేటుతో కోసి పట్టు లాక్కుంది. గది గదంతా "అదీ దెబ్బ!" అని అరిచింది. డీకన్ లేచి వంగి దణ్ణం పెట్టాడు. ఇంకో రెండు పట్టులు అయ్యాయి. ఒలుచి తన ముక్కల్లోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఆఠీను రాణి.

నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను. కోరీ మూసుకోలేదు.

"ఆగండాగండి! ఇందాక చేతిలో ఆఠీను లేదని కోసేశావు కదా. మరి ఈ రాణిగారు ఎక్కణ్ణించి దిగారు? విమానంలోనా?"

చేతిలో ఆ జాతి ముక్క ఉండగా తురుపుతో కోయడం మా ఆటలో దొంగతనం కింద లెక్క. మూడు పట్టులు పోతాయి. పట్టులు పోయినా ఫరవాలేదు, పరువు పోతుంది. గదంతా గోల. కొందరు గోడలు చరిచారు, కొందరు నేల మీద పడి దొర్లారు. డీకన్ కుర్చీ వెనక్కి తోసి, రెండు చేతులూ పైకెత్తి, ఆదివారం చర్చిలో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"సోదర సోదరీమణులారా! చేతిలో రాణిని పెట్టుకుని తురుపుతో కోసిన పిల్లని నా జన్మలో చూళ్ళేదు! ఏమ్మా, నిన్నెవరు పెంచారమ్మా? మీ ఇంట్లో నీకేం నేర్పారమ్మా?"

ఆ మాట మా బల్లల దగ్గర మంచినీళ్ళు తాగినంత మామూలుగా వినపడుతుంది. మా నానమ్మే నన్ను ఎన్నోసార్లు అంది. కాని ఒలుచికి అది మామూలు మాట కాదు. ముక్కలు సర్ది, అంచులు సమంగా చేసి, బోర్లా పెట్టింది.

"మా అమ్మ నన్ను బాగానే పెంచింది," అంది. లేచి వెళ్ళిపోయింది. తలుపు విసిరి కొట్టలేదు, చప్పుడు కాకుండా వేసింది. అలా పెంచారు మరి.

ఆ తర్వాత బెంచీ దగ్గరికి రావడం మానేసింది. పని ఉంది అక్కా, చదువుకుంటున్నా అక్కా, అని ఫోనులో మెసేజీలు. నేను తక్కువదాన్నా? ఎవరినుంచి తప్పించుకున్నా మాసిన బట్టలనుంచి ఎవరూ తప్పించుకోలేరు. ఆదివారం మధ్యాహ్నం హాస్టలు కింద బట్టలుతికే గదిలో పట్టేశాను. మిషను తిరుగుతోంది. ఒలుచి బెంచీ మీద కూర్చుని, ముందు రెండు వాటాలుగా ముక్కలు పంచుకుని, ఈ చేత్తో ఒకటీ ఆ చేత్తో ఒకటీ వేస్తోంది. మా పేకముక్కలు కావవి. వాటి మీద గుండ్రాలు, నక్షత్రాలు, శిలువలు ఉన్నాయి.

"ఎవరితో ఆడుతున్నావే?"

"నాతోనే."

"ఎవరు గెలుస్తున్నారు?"

తలెత్తింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "అక్కా, నేను పండక్కి ఇంటికెళ్ళి ఇంక రాను. మా ఊళ్ళో కాలేజీలో చేరిపోతా. మమ్మీకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు."

నేను పక్కన కూర్చున్నాను. "కెమిస్ట్రీ బాగుందన్నావు కదా."

"మొదటి పరీక్ష పోయింది. రెండోదీ పోతుంది." ముక్కలు వేళ్ళతో తిప్పుతూ మాట్లాడింది. ఒకసారి మొదలయ్యాక ఆపలేదు. "అంత పెద్ద హాల్లో నల్లపిల్లని నేనొక్కదాన్నే. నేను చెయ్యెత్తి నాకు తెలీదంటే, వీళ్ళంతా ఇంతే అనుకుంటారు. నా ఒక్కదాని తెలివితక్కువ అందరికీ అంటుకుంటుంది. అందుకని ప్రొఫెసరు అర్థమైందా అన్నప్పుడల్లా తలాడిస్తా. పోనీ మనవాళ్ళ మధ్యయినా హాయిగా ఉందామని ఇంటికొస్తే, మీ అందరికీ పుట్టుకతో వచ్చిన ఆట నాకు రాదు. అక్కడా తలాడించా. ఏమైందో నువ్వే చూశావు. అక్కడా పరాయిదాన్నే, ఇక్కడా పరాయిదాన్నే. ఇంకెక్కడికి పోను?"

సలహాలకి నా దగ్గర కొదవేమీ లేదు. మాకు శిక్షణ ఇచ్చినప్పుడు బస్తాలకి బస్తాలు నింపి పంపారు. అన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ పిల్ల మొహం చూస్తే ఒక్కటీ బయటికి రాలేదు. ఏం చెప్పినా మళ్ళీ తలాడిస్తుంది.

"ఇదేం ఆటే?" అన్నాను.

"వాట్ అంటారు. మా నాన్న వాళ్ళ ఊళ్ళో ఇంటింటా ఆడతారు. నేనూ, మా తమ్ముళ్ళూ ఆడతాం."

"నాకు రాదు. నేర్పు."

ఆట పట్టిస్తున్నానేమో అని నా మొహంలోకి చూసింది. నేను చెయ్యి చాపాను. ముక్కలు పంచింది.

"కింద ఏ బొమ్మ ఉంటే అదే బొమ్మ వెయ్యాలి, లేకపోతే అదే అంకె. అంతే. నేను రెండు వేస్తే నువ్వు రెండు ముక్కలు తియ్యాలి."

"వేసింది నువ్వైతే తీసేది నేనెందుకు?"

"ఆట అదే అక్కా! పద్నాలుగు వేస్తే నేను తప్ప అందరూ సంతకెళ్ళాలి."

"సంతకా? ఏం కొనడానికి?"

"ఒక్కో ముక్క తీసుకోవడాన్నే సంత అంటారు!"

"మరి సంతని ముందే చెప్పొద్దూ?"

గదిలో ఇంకో మిషను దగ్గర ఇద్దరు తెల్లకుర్రాళ్ళు మేజోళ్ళు వెతుక్కుంటూ మమ్మల్నే చూస్తున్నారు. చూస్తే చూడనీ అని ఇంకా గట్టిగా అడిగాను. అడిగిందే అడిగాను. నిజంగానే నా బుర్రకి ఎక్కలేదు, నటన అవసరం రాలేదు.

"ఎన్నిసార్లు చెప్పాలక్కా!"

"వచ్చేదాకా చెప్పాలి. విసుగొచ్చిందా?"

ఆలోచించింది. "లేదు," అంది. తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. గొంతు తగ్గించింది. "వాళ్ళ ముందు అలా అడగడానికి నీకు సిగ్గుగా లేదా?"

"ఎందుకుండదు? ఉంది. కాని ఊరికే ఓడిపోవడం అంతకంటే సిగ్గు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు."

"మా అమ్మ పెడుతుంది. వద్దన్నా పెడుతుంది."

"మీ అమ్మ ఫ్రెస్నోలో ఉందే. ఇక్కడ అడగాల్సిందే."

ఒలుచి చేతిలో మిగిలిన ముక్కని పైకెత్తి, "ఆఖరి ముక్క!" అని గదంతా అదిరేలా అరిచింది. ఆ పిల్లకి అంత గొంతుందని నాకప్పటిదాకా తెలీదు. ఆ మధ్యాహ్నం నేను ఒక్క ఆటా గెలవలేదు.

ఆ వారంలోనే కెమిస్ట్రీ ప్రొఫెసరు గది దాకా వెళ్ళాం. తోడువాళ్ళకి ఒక నియమం ఉంది. తలుపు దాకా వెళ్తాం, లోపలికి వెళ్ళం. బయట కూర్చుంటాం. ఒలుచి తలుపు ముందు నిలబడి, చెయ్యెత్తి, దించి, నా వైపు తిరిగింది.

"ఏమనాలి?"

"ఆ రోజు ఆట ముందు నేను నీతో ఏమన్నాను?"

పెదాలు తడుపుకుంది. తలుపు కొట్టింది.

ఎంతసేపు కూర్చున్నానో. నా క్లాసు ఒకటి పోయింది. బయటికొచ్చేసరికి ఒలుచి వేళ్ళ నిండా సుద్దపొడి.

"మొదటి పాఠం నుంచి మొదలుపెట్టించాను అక్కా. ‘రోజూ తలాడిస్తుంటే నీకంతా వచ్చేస్తోందనుకున్నానే’ అంది ఆవిడ."

"కోప్పడిందా?"

"లేదు. గురువారం మళ్ళీ రమ్మంది."

నేను ఉబ్బిపోయాను. "అయితే మానేయడం మానేసినట్టే కదా!"

"కెమిస్ట్రీ సంగతి వేరు. ఆ ఇంటి సంగతి వేరు."

రెండో పరీక్ష గట్టెక్కింది. గొప్ప మార్కులేం కావు, ఒడ్డున పడింది. అయినా శుక్రవారం రమ్మంటే మాత్రం రాలేదు. "చదువొక్కటే ఉంటే మనిషి బతకడు అక్కా. వారానికోసారైనా మనవాళ్ళ మధ్య ఊపిరి పీల్చుకోవాలి. అక్కడికి నేనెలా వస్తాను? నన్ను చూడగానే అందరికీ ఆ రాణే గుర్తొస్తుంది," అంది. ఆ మాట నిజమే. డీకన్ ఆ కథని అప్పటికే ఊరంతా చాటేశాడు.

వాడు వంటింట్లో గ్లాసులు కడుగుతుంటే వెళ్ళి పట్టుకున్నాను. "నీ మూలంగా ఆ పిల్ల కాలేజీ వదిలేసి పోతోంది," అన్నాను. ఎందుకో ఏమిటో చెప్పాను.

వాడి చేతిలో గ్లాసు ఆగిపోయింది. అయినా డీకన్ కదా, వెంటనే ఒప్పుకోడు. "ఆటన్నాక మాటలుంటాయి జొనెల్. మా తాత నన్ను ఇంతకంటే ఘోరంగా తిట్టి నేర్పాడు."

"మీ తాత నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తిట్టాడు. ఆ పిల్ల ఇక్కడ ఎవరి ఒళ్ళో కూర్చుందిరా?"

శుభ్రంగా ఉన్న గ్లాసునే చాలాసేపు తుడిచాడు. "వెళ్ళి పిలవనా?" అన్నాడు చివరికి.

"పిలిస్తే వచ్చే పిల్లయితే నాకీ బాధెందుకు?"

పండగ ముందు రోజు ఒలుచిని రైలెక్కించడానికి నేనే వెళ్ళాను. హాస్టలు మెట్లు దిగుతున్న ఆ పిల్ల వెనకాల పెద్ద సూట్‌కేసు ఒక్కో మెట్టు మీదా దబ్బుమంటూ దిగింది.

"నాలుగు రోజులకి అంత పెద్దదెందుకే?"

"చలికాలం బట్టలు తెచ్చుకుందామని, ఖాళీగా తీసుకెళ్తున్నా."

స్టేషనులో నేనే ఎత్తి లోపల పెట్టాను. ఖాళీ సూట్‌కేసు బరువెంతో నాకు తెలుసు. అది ఖాళీది కాదు.

ఏమని ఆపను? వెళ్ళొద్దంటే తలాడించి వెళ్తుంది. "నేనింకా ఆ ఆటలో ఒక్కసారి కూడా గెలవలేదు. గుర్తుంచుకో," అన్నాను. రైలు కదిలింది. చెయ్యి ఊపింది. ఆ చెయ్యి నాకు నచ్చలేదు.

ఆ పండక్కి మా నానమ్మ ఇంట్లో ఎప్పట్లాగే బల్ల చుట్టూ అరుపులు. నేను ఆడలేదు. మా పిన్ని కూతురు, చిన్నది, నానమ్మ కుర్చీ వెనక నిలబడి ఉంది. నానమ్మ అందర్నీ తిడుతూనే, తన ముక్కలు ఆ పిల్లకి కనపడేలా కొంచెం పక్కకి వంచి పట్టుకుంది. నా చిన్నప్పుడూ అలాగే పట్టుకునేది. చూసి నేర్చుకున్నానని ఇన్నాళ్ళూ గొప్పలు పోయాను. చూపించారు కాబట్టి చూశాను.

పండగ అయిన ఆదివారం సాయంత్రం కాలేజీలో మా ఇంటికి ఎవరింటి మిగులు వాళ్ళు తెచ్చుకుంటారు. వాకిట్లోకి అడుగుపెడుతూనే చిలగడదుంప తీపి వాసన, పొగబెట్టిన మాంసంతో ఉడికించిన ఆకుకూర వాసన. నా నలుగురూ వచ్చారు. ఒలుచి ఫోను శనివారం నుంచీ మోగి మోగి ఆగిపోతోంది. బల్ల దగ్గర డీకన్, వాడి జోడీ, నేను, కోరీ. ఎప్పట్లాగే చుట్టూ జనం.

"నీ ఐదోది ఏదీ?" అన్నాడు కోరీ ముక్కలు సర్దుకుంటూ.

"వస్తుంది," అన్నాను. మేకపోతు గాంభీర్యం. లోపల నేనేనాడో ఓడిపోయాను. చేతిలో ముక్కలు ఏవో కూడా కనపడటం లేదు.

తలుపు తెరుచుకుంది. ముందు సూట్‌కేసు వచ్చింది. దాని వెనక, రెండు చేతులతో నీలంరంగు ఐసుపెట్టె మోసుకుంటూ ఒలుచి. కాలితో సూట్‌కేసుని పక్కకి నెట్టి, తిన్నగా బల్ల దగ్గరికి నడిచి, జరుగుతున్న ఆట మీద, ముక్కల మీద, దబ్బున ఐసుపెట్టె పెట్టేసింది.

"డీకన్ అన్నా," అంది. "ఆ రోజు అడిగావు కదా, నన్నెవరు పెంచారని. నన్ను పెంచినావిడ పంపింది. ముందు తిను."

మూత తీసింది. ఎర్రటి అన్నం, మిరపకారం, వేయించిన కోడి. వాసనకి వెనకవాళ్ళు ముందుకొచ్చారు.

"తిన్నాక నాకు ఆట నేర్పు. నాకు రాదు. ఆ రోజూ రాదు. వచ్చినట్టు కూర్చున్నానంతే."

డీకన్ నోరు తెరిచేలోపు సోఫా వైపు నుంచి గొంతు వినపడింది. మొనే. గోళ్ళు చూసుకుంటోంది.

"నా గోళ్ళకేం కాదులే," అంది. "నాక్కూడా రాదు."

"నాకు సగమే వచ్చు," అన్నారు ఇంకెవరో.

"నాకు పట్టు ఎవరిదో ఎప్పుడూ తెలీదు."

ఈసారికి చూస్తాంలే అన్నవాళ్ళంతా, ఇన్నాళ్ళూ తేలు కుట్టిన దొంగల్లా గోడలకి ఆనుకుని నవ్వినవాళ్ళంతా, ఒక్కొక్కరే బయటపడ్డారు. ఆఖరికి నా ఎదురుగా కూర్చున్న కోరీ గొంతు సవరించుకున్నాడు.

"లెక్క చెప్పడం నాకూ సరిగ్గా రాదు. జొనెల్ ఎంత చెప్తే దానికి తగ్గట్టు ఏదో ఒకటి చెప్తా."

రెండేళ్ళుగా నా జోడీ వీడు! నేను నవ్వానో, తిట్టానో గుర్తులేదు. ఇల్లంతా నవ్వింది. ఈసారి ఒలుచి కూడా నవ్వింది.

నేను ఆ పిల్లని పక్కకి లాగాను. "ఫోను ఎత్తవేం? మమ్మీకి చెప్పావా?"

"చెప్పలేదు. అడిగాను. ‘మమ్మీ, నాకు అక్కడ కష్టంగా ఉంది, నెలకోసారి నీ అన్నం కావాలి, పంపుతావా’ అని. నేను నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి అంటూ కూర్చుని ఏడ్చింది అక్కా. తర్వాత లేచి, నిన్నంతా నన్ను పక్కన నిలబెట్టుకుని వండింది. ఫోను ఎక్కడ పడేశానో కూడా చూసుకోలేదు." చెప్తూ కళ్ళు తుడుచుకుంది. నా కళ్ళూ ఆగలేదు. ఎందుకాగాలి?

బల్ల దగ్గర డీకన్ రెండో ముద్ద మింగాడు. వాడి కళ్ళల్లోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. కారం, కారం, అంటూ చేత్తో విసురుకున్నాడు.

"మీ అమ్మ..." అన్నాడు ఒలుచితో, గొంతు సరిచేసుకుని. "మీ అమ్మ నిన్ను బాగా పెంచిందమ్మా."

ఐసుపెట్టె కిందకి దించి, బల్ల తుడిచి, ముక్కలన్నీ కలిపి, ఎవరికీ పంచకుండా అందరికీ కనపడేలా వెల్లకిలా పరిచాడు. "ఇదిగో, ఇది ఆఠీను. ఎవరైనా ఇది వేస్తే, చేతిలో ఈ జాతి ఉన్నంతసేపూ ఇంకోటి వెయ్యకూడదు," అని మొదలుపెట్టాడు. వెనక నిలబడ్డవాళ్ళంతా బల్ల చుట్టూ మూగారు. కుర్చీలు చాల్లేదు. ఒలుచి తన పెద్ద సూట్‌కేసుని అడ్డంగా పడేసి, దాని మీద కూర్చుంది.